సంస్థ అంటే బిల్డింగేనా? చెరువు తూము దగ్గర ఒక పాఠం

(చెరువు కట్ట మీద నడుస్తూ మొదలు. వెనకాల తూము కనిపించాలి.)

నమస్తే. ఇంటర్ అయినా, డిగ్రీ అయినా, హన్మకొండలో రూము తీసుకుని గ్రూప్స్‌కి చదివేవాళ్ళయినా సోషల్ సైన్సెస్‌లో ఒక మాట తప్పకుండా తగులుతుంది: సంస్థ. ఉదాహరణ రాయమంటే బ్యాంకు, కోర్టు, కలెక్టరేట్ అని రాసేస్తాం. నేనూ అదే రాశాను, మార్కులూ పడ్డాయి. కానీ అది సగం జవాబే.

సంస్థ అంటే ముందు కట్టుబాటు. ఎవరు ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు, మాట తప్పితే ఏమవుతుంది అని నలుగురూ ఒప్పుకుని నడుచుకునే పద్ధతి. దానికి బోర్డు ఉండకపోవచ్చు, కాగితమూ ఉండకపోవచ్చు. పెళ్ళి సంస్థే, ఆస్తి హక్కు సంస్థే, అంతెందుకు, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే ఆ సీటు మనదైపోవడం కూడా చిన్న సైజు సంస్థే.

(తూము దగ్గర ఆగాలి.)

ఇప్పుడు నీళ్ళ సంగతి. వీధి దీపం కింద నేను నడిస్తే మీకు వెలుతురు తగ్గదు. చెరువు అలా కాదు, నా మడికి పారిన నీళ్ళు మీ మడికి రావు, పోనీ నన్ను ఆపుదామా అంటే అర్ధరాత్రి కాల్వకు గండి కొట్టేవాణ్ని ఎవరు కాపలా కాస్తారు? ఒకరు వాడితే ఇంకొకరికి తగ్గుతుంది, వాడకుండా ఆపడం కష్టం. అలాంటిదాన్నే ఉమ్మడి వనరు అంటారు.

1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఊరుమ్మడి బీడులో ఎవడికి వాడు ఇంకో పశువును తోలుకుంటూ పోతాడు, లాభం వాడొక్కడిది, నష్టం ఊరందరిది, చివరికి బీడే మిగలదు అన్నాడు. అయితే సర్కారు చేతికివ్వాలి, లేదంటే ముక్కలు చేసి సొంతానికి పంచాలి అని చాలామంది నమ్మేశారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా రాజనీతి శాస్త్రవేత్త మాత్రం నేపాల్ సాగునీటి కాల్వల దాకా ఎన్నో చోట్ల జనం ఏం చేస్తున్నారో చూసింది. వాడుకునేవాళ్ళే కట్టుబాట్లు పెట్టుకుని వందల ఏళ్ళు నడిపిన చోట్లు ఆమెకు దొరికాయి. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె.

మనవాళ్ళకు ఇదేం కొత్త కాదు. పాఖాల, రామప్ప చెరువులు 13వ శతాబ్దం నాటివి. రాజు కట్ట కట్టించొచ్చు, రోజూ తూము ఎత్తేది రాజు కాదు కదా! ఆ పని నీరటికాడిది. ఏ మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో ఆయనే చూసేవాడు, పంట కల్లానికొస్తే రైతులు వడ్లు కొలిచేవాళ్ళు. చెరువు నిండి మత్తడి దుంకని ఏడాది యాసంగికి, అంటే రబీ పంటకు, ఎన్ని ఎకరాలు పారించాలో ముందే కూర్చుని తేల్చేవాళ్ళు, దాని పేరు తైబందీ. మొత్తం ఆయకట్టు ఎండిపోవడం కంటే కొంత బీడు పెట్టడం నయమని. ఆస్ట్రమ్ పుస్తకం ఇంత లావుంటుంది, అందులో సగం ఈ ఒక్క మాటలో ఉందనిపిస్తుంది నాకు.

అలాగని పాతదంతా బంగారం అనుకోకండి. భూమి ఎవరిది, బురదలో దిగే పని ఎవరిది అన్నది చాలావరకు కులమే తేల్చేది. సంస్థ ఉండటం వేరు, అది న్యాయంగా ఉండటం వేరు.

తర్వాత బోర్లొచ్చాయి. పక్కాయన 300 అడుగులు వేస్తే మనం 400 వేస్తాం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు, మోటారు ఇంకో గంట నడిచినా జేబులోంచి పోయేదేం లేదు. చెరువులో నీళ్ళు తగ్గితే కంటికి కనిపిస్తుంది, భూమి లోపలిది బోరు ఎత్తిపోయేదాకా తెలియదు. హార్డిన్ బీడు అక్కడుంది, తైబందీ మాత్రం లేదు.

(మళ్ళీ కట్ట మీద.)

2015లో మొదలైన మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీశారు. కట్ట గట్టిపడింది, తూముకు కొత్త షట్టర్ వచ్చింది. ఈ వీడియో కోసం దాన్ని తిప్పే హ్యాండిల్ ఎవరింట్లో ఉందని కట్ట మీద కూర్చున్న నలుగురిని అడిగాను. నాలుగు పేర్లు చెప్పారు.