గోడ మీద బొమ్మ, కంటి ముందు బొమ్మ: చిన్న లేజర్ ప్రొజెక్టర్ల దారి ఎటు?

(జాతీయ విజ్ఞాన దినోత్సవ సభలో విజయవాడ కళాశాల విద్యార్థులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

ఫోన్‌లో ప్రొజెక్టర్ అనే ఆలోచన మీలో చాలామందికి కొత్తగా అనిపించవచ్చు గానీ, అది మన బజార్లకు ఒకసారి వచ్చి వెళ్లిపోయినదే. 2011లో స్పైస్ కంపెనీ ‘పాప్‌కార్న్’ పేరుతో ప్రొజెక్టర్ ఉన్న ఫోన్‌ను మన దేశంలో అమ్మింది. మరుసటి ఏడాది శాంసంగ్ ‘గెలాక్సీ బీమ్’ను తెచ్చింది. అమెరికాలోని మైక్రోవిజన్ సంస్థ అంతకుముందే, 2010లో, జేబులో పట్టే లేజర్ ప్రొజెక్టర్‌ను విడుదల చేసింది. ఇంకొన్నాళ్లలో కెమెరా లాగే ప్రొజెక్టర్ కూడా ప్రతి ఫోన్‌లోనూ ఉంటుందని అప్పట్లో గట్టిగానే అనుకున్నారు. కెమెరాలు ఒకటికి నాలుగయ్యాయి, ప్రొజెక్టర్ మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో తెలిస్తే, ఇకముందు ఈ పరికరం ఎటు పోతుందో కూడా చాలావరకు తెలుస్తుంది.

ముందుగా ఇది పనిచేసే తీరు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మూడు చిన్న లేజర్ డయోడ్లు, అంటే విద్యుత్తును లేజర్ కాంతిగా మార్చే చిప్పులు, ఉంటాయి. వాటి కిరణాలను ఒకటిగా కలిపి, సిలికాన్‌తో చేసిన, దాదాపు ఒక మిల్లీమీటరు వెడల్పున్న అద్దం మీదికి పంపుతారు. ఆ అద్దం అడ్డంగా సెకనుకు ఇరవై వేలకు పైగా సార్లు ఊగుతూ, నిలువున సెకనుకు 60 సార్లు జరుగుతూ, గోడ మీద బొమ్మను గీత తర్వాత గీతగా గీస్తుంది. నల్లగా ఉండవలసిన చోట లేజర్ దాదాపు పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి నలుపు నిజంగానే నలుపుగా ఉంటుంది. బొమ్మను గోడ మీద కేంద్రీకరించే లెన్సు లేదు కాబట్టి, గోడ దగ్గరున్నా దూరమున్నా ఫోకస్ సరిచేసుకునే పని లేదు. మూడు రంగుల్లో చివరిదాకా ఏడిపించింది ఆకుపచ్చ. ఎరుపు డయోడ్లు ముందునుంచీ ఉన్నాయి, నీలం డయోడ్లు 1990లలో జపాన్‌లోని నిచియా సంస్థలో శాస్త్రవేత్త షుజీ నకమురా కృషితో వచ్చాయి. ఆకుపచ్చ కోసం మాత్రం చాలాకాలం 1064 నానోమీటర్ల పరారుణ కాంతిని ఒక స్ఫటికం గుండా పంపి 532 నానోమీటర్లకు మార్చుకోవలసి వచ్చింది. నేరుగా ఆకుపచ్చ వెలుగునిచ్చే డయోడ్లను 2009 ప్రాంతంలో గానీ జపాన్, జర్మనీ కంపెనీలు ప్రకటించలేదు.

అంటే పరికరాన్ని చిన్నది చేయడమనే సమస్య పదేళ్ల కిందటే దాదాపు తీరిపోయింది. తీరనిది వెలుగు లెక్క, దీన్ని కొంచెం ఓపిగ్గా చూడాలి. ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తాం. దానిని తెర వైశాల్యంతో భాగిస్తే తెర మీద పడే వెలుగు లక్స్‌లలో వస్తుంది. వంద అంగుళాల తెర వైశాల్యం సుమారు 2.75 చదరపు మీటర్లు. గెలాక్సీ బీమ్ ఇచ్చినవి 15 ల్యూమెన్లు. అది లేజర్ కాదు, ఎల్‌ఈడీ. అయినా లెక్క మారదు. 15ను 2.75తో భాగిస్తే ఐదున్నర లక్స్ కూడా రాదు. రాత్రిపూట ట్యూబ్‌లైట్ వెలుగుతున్న మన ముందు గదిలో గోడ మీద మామూలుగా వంద లక్స్‌కు అటూ ఇటూ పడుతుంది. ఆ వెలుగులో ఈ బొమ్మ ఉందని చెప్పడమే కష్టం. అదే బొమ్మను ఇరవై అంగుళాలకు కుదిస్తే 136 లక్స్ వస్తుంది, దీపాలు ఆర్పితే హాయిగా చూడవచ్చు. అయితే ఇరవై అంగుళాల బొమ్మ కోసం ఎవరూ ఫోన్‌ను గోడకేసి గురిపెట్టి కూర్చోరు.

సినిమా హాలుకు నిర్ణయించిన ప్రమాణం ప్రకారం తెర మీది తెల్లదనం చదరపు మీటరుకు 48 కాండెలాలు ఉండాలి. ఒక దిశలో వచ్చే వెలుగు తీవ్రతకు కొలమానం కాండెలా. కార్బన్ కడ్డీల నుంచి జినాన్ దీపాలకు, అక్కడినుంచి లేజర్‌కు మారిన హాళ్లను చూసిన ఈ ఊరివారికి ఆ వెలుగు బాగా తెలుసు. వంద అంగుళాల మామూలు తెల్ల గోడ మీద చీకటిలో ఆ వెలుగు రావాలంటే సుమారు 400 ల్యూమెన్లు కావాలి. దీనికి ఎంత విద్యుత్తు అవుతుంది? 2016లో మోటరోలా ఫోన్ వెనుక తగిలించుకునే ప్రొజెక్టర్‌ను తెచ్చింది. 50 ల్యూమెన్ల ఆ పరికరంలో ఉన్న 1100 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీ సుమారు గంటసేపు వస్తుందని కంపెనీ చెప్పింది. అంటే గంటకు నాలుగు వాట్ అవర్లు, వాట్‌కు పన్నెండు ల్యూమెన్లు. ఈ లెక్కన 400 ల్యూమెన్లకు 33 వాట్లు కావాలి. ఈనాటి ఫోన్‌లో ఉండే 5000 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీ నిండా ఛార్జి చేస్తే 19 వాట్ అవర్లు, కాబట్టి ఇంటర్వెల్ కంటే ముందే బ్యాటరీ ఖాళీ. పోనీ, లేజర్ల సామర్థ్యం మూడింతలు పెరిగిందనుకుందాం. అప్పుడు కూడా 11 వాట్లు కావాలి. చేతిలో పట్టుకునే ఫోన్ నాలుగైదు వాట్లకు మించి ఎక్కువసేపు ఖర్చుపెడితే వేడిని భరించలేం. పైగా మూడు డయోడ్లలో వేడికి ముందుగా డీలా పడేది ఎరుపు. నలభై అయిదు డిగ్రీల మే నెలను ఏటా చూసే విజయవాడలో ఈ మాటను విడమరచి చెప్పనక్కర్లేదు.

కంటి భద్రత మరో హద్దు. లేజర్లను కంటికి కలిగే ప్రమాదాన్ని బట్టి తరగతులుగా విడదీస్తారు. కనబడే లేజర్లలో రెండో తరగతికి, ఆగకుండా వెలిగే కిరణమైతే, పరిమితి ఒక మిల్లీవాట్. వెలుగు పడగానే పావు సెకనులో రెప్ప మూసుకుంటుందన్న భరోసా మీద పెట్టిన పరిమితి అది. కిరణం ఒకచోట నిలవకుండా తిరుగుతుంది కాబట్టి ప్రొజెక్టర్‌కు ఇంకొంత వెసులుబాటు ఉంటుంది గానీ, పసిపిల్లలు ముఖానికి దగ్గరగా పట్టుకునే వస్తువులో వందల ల్యూమెన్ల సన్నని కిరణాన్ని పెట్టడానికి ఏ నియమావళీ ఒప్పుకోదు.

లేజర్ బొమ్మలో మరో తేడాను మీరు ఇప్పుడే చూడవచ్చు. ఈ ఎర్రని పాయింటర్ చుక్కను తెల్ల గోడ మీద కొంచెం వెడల్పు చేస్తున్నాను. అందులో మెరిసే రవ్వలాంటి చుక్కలు కనబడుతున్నాయి కదా. తల కదిపితే అవి కూడా కదులుతాయి. దూరపు చూపు ఆనని వారు అద్దాలు తీసి చూడండి: గోడ మసకబారినా చుక్కలు స్పష్టంగానే ఉంటాయి, తల కదిపిన దిశకు ఎదురుగా జరుగుతాయి. అవి గోడ మీద ఉన్నవి కావు. గరుకు గోడ నుంచి చెదిరిన కిరణాలు మీ కంటిలోనే ఒకదానితో ఒకటి కలిసి ఏర్పడే వ్యతికరణం అది. ఈ రోజు రామన్ గారిని తలుచుకుంటున్నాం కాబట్టి ఒక మాట. లేజర్ పుట్టడానికి పదిహేడేళ్ల ముందే, 1943లో, ఆయన శిష్యుడు జి.ఎన్. రామచంద్రన్ సన్నని పొడి నుంచి చెదిరిన కాంతిలో ఇలాంటి హెచ్చుతగ్గులనే గణాంకపరంగా పరిశీలించారు. ప్రొటీన్ల నిర్మాణం మీద ఆయన చేసిన పని ముందు ఇది మరుగున పడిపోయింది. ఈ చుక్కలను తగ్గించడానికి ఇప్పుడు కాంతి దారిలో కంపించే పలకను పెడతారు, లేదా ఒక్కో రంగుకు కొద్ది తేడా గల తరంగదైర్ఘ్యాలున్న పలు డయోడ్లను వాడతారు. రెండింటికీ చోటు కావాలి. ఫోన్‌లో దొరకనిదే చోటు.

టీవీ సంగతి వేరు. అక్కడ కరెంటు గోడలోంచి వస్తుంది, ఫ్యాన్ పెట్టవచ్చు. 2008లో మిత్సుబిషి 65 అంగుళాల లేజర్ టీవీని తెచ్చి, 2012లో ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది. వెనకనుంచి వెలుగు పడే ఆ లావాటి పెట్టె, పలచని ప్యానెళ్ల ముందు నిలవలేదు. ఇప్పటి లేజర్ టీవీ గోడకు ఒక జానెడు దూరంలో బల్ల మీద కూర్చుని పైకి వెలుగు చిమ్ముతుంది. దానిలో అసలు తెలివి తెరది. ఆ తెర మీద రంపపు పళ్లలాంటి సన్నని గీతలుంటాయి. కింది నుంచి వచ్చే వెలుగును అవి చూసేవారి వైపు తిప్పుతాయి, పైనున్న ట్యూబ్‌లైట్ వెలుగును నల్లటి వైపున మింగేస్తాయి. రెండు వేల ల్యూమెన్లతో ఈ తెర మీద పగలు కూడా బొమ్మ నిలుస్తుంది. రంగుల విషయంలోనూ లేజర్‌కు ఎదురు లేదు. 2012లో అంతర్జాతీయ టెలికం సంఘం నిర్ణయించిన బీటీ 2020 ప్రమాణంలో మూల రంగులు 630, 532, 467 నానోమీటర్ల ఏకవర్ణ కాంతులు, అంటే అచ్చంగా లేజర్లు ఇచ్చేవే. అయితే వంద అంగుళాల ప్యానెల్ టీవీలు ఏటేటా చవకవుతున్నాయి. నా అంచనాలో లేజర్ టీవీకి మిగిలే బలం రంగులు కాదు, రవాణా. వంద అంగుళాల ప్యానెల్ మన అపార్ట్‌మెంట్ల లిఫ్టులో పట్టదు, చుట్టిన తెర పడుతుంది. కొనేవారు అట్టపెట్టె మీద రాసిన పెద్ద అంకెను చూసి మోసపోకుండా, అవి ఐఎస్ఓ (అంతర్జాతీయ) లేదా ఆన్సీ (అమెరికా) ప్రమాణంతో కొలిచిన ల్యూమెన్లా అని అడగాలి.

ఇక అసలు చిన్న ప్రొజెక్టర్ల దగ్గరికి వస్తాను. లేజర్ ప్రొజెక్టర్ ఉన్న ఫోన్ మీలో కొందరి జేబుల్లో ఇప్పటికే ఉంది. 2017లో వచ్చిన ఐఫోన్ టెన్ ముఖాన్ని గుర్తుపట్టడానికి 30,000కు పైగా పరారుణ చుక్కలను మన ముఖం మీద వేస్తుంది. బొమ్మను మనకు చూపించవలసిన ప్రొజెక్టర్ అటు తిరిగి మననే చూస్తోంది! దానికి తక్కువ వెలుగు చాలు కాబట్టే అది ఫోన్‌లో ఇమిడింది.

వెలుగు పరచవలసిన చోటు ఎంత తగ్గితే లేజర్‌కు అంత మేలు. అన్నిటికన్నా చిన్న తెర మన కనుపాప. కళ్లజోడులోంచి ముప్పై డిగ్రీల వెడల్పున, మామూలు టీవీ అంత ప్రకాశంగా బొమ్మ కనబడాలంటే కంటిలోకి చేరవలసిన వెలుగు ఒక ల్యూమెన్‌లో వెయ్యో వంతు కూడా కాదు. కళ్లజోడులో కాంతిని కంటి ముందుకు నడిపించే గాజు పలకలోంచి కంటిదాకా వచ్చేలోపు నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పోయినా, మొత్తం మీద ఒక ల్యూమెన్‌లోపే సరిపోతుంది. నిజానికి ఈ కథ మొదలైనదే ఇక్కడ. 1991లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రెటీనా మీదనే బొమ్మ గీసే పద్ధతిని కనుగొన్నారు, దానిని నమ్ముకుని 1993లో మైక్రోవిజన్ పుట్టింది. ఆ తర్వాత ఆ సంస్థ గోడ వైపు వెళ్లి నష్టపోయి, చివరికి వాహనాలకు చూపునిచ్చే లైడార్ వైపు మళ్లింది. 2019లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన హోలోలెన్స్ 2 కళ్లజోడులో బొమ్మను గీసింది ఊగే అద్దం, లేజర్లే. చొక్కాకు తగిలించుకుంటే అరచేతి మీద ఆకుపచ్చ అక్షరాలు వేసిన హ్యూమేన్ కంపెనీ బిళ్ల 2024లో వచ్చి, 2025 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. అరచేయి చిన్నదే గానీ, ఎండలో దానిమీద పడే వెలుగు లక్ష లక్స్.

కళ్లజోడు దారిలో ఇంకా రెండు పెద్ద పనులు మిగిలాయి. ఒకటి, గాజు పలకలో పోయే ఆ తొంభై తొమ్మిది పాళ్లను తగ్గించడం. రెండు, ఆకుపచ్చ డయోడు. అది తీసుకునే విద్యుత్తులో ఐదో వంతు వెలుగైతే మంచి డయోడు కిందే లెక్క, మిగతాదంతా వేడి. చెవి పక్కన ఉండే సన్నని కాడలో ఆ వేడి అర వాట్ ఉన్నా చర్మానికి తెలుస్తుంది. భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చదువుతున్నవారు ప్రాజెక్టు అంశం కోసం వెతుకుతుంటే, మామూలు లేజర్ డయోడు వెలుగు ఉష్ణోగ్రతతో ఎలా పడిపోతుందో కొలిచే ప్రయోగాన్ని మన ప్రయోగశాలలోనే చేయవచ్చు. దానికి కావలసినవి వెలుగును కొలిచే ఒక ఫోటోడయోడు, ఉష్ణోగ్రతను కొలిచే ఒక థర్మిస్టరు, ఒక హీటరు. ప్రశ్నలుంటే అడగండి.