రోడ్డు మీద ఆపి ఫోన్ లాక్ తియ్యమంటే

అందరికీ నమస్కారం. కాలేజీ పిల్లలే కాకుండా కొందరి అమ్మానాన్నలు కూడా వచ్చారు, చాలా సంతోషం. నేరుగా విషయంలోకి వస్తాను.

2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు గంజాయి మీద తనిఖీలు జోరుగా చేశారు. అప్పుడు కొన్ని వీడియోలు బయటికొచ్చాయి. రోడ్డున పోయేవాళ్లను, బండ్ల మీద వెళ్లేవాళ్లను ఆపి జేబులు, సంచులు చూస్తున్నారు. అంతటితో ఆగకుండా ఫోన్ తీసుకుని, వాట్సాప్‌లో సెర్చ్ దగ్గర 'గంజాయి' అని కొట్టి చూస్తున్నారు. ఇదేం పద్ధతని అడిగితే, ఎవరినీ బలవంతపెట్టడం లేదు, జనమే సహకరిస్తున్నారని అధికారుల నుంచి జవాబొచ్చింది.

ఆ జవాబు దగ్గర కాసేపు ఆగుదాం. రాత్రి పదిన్నర అనుకోండి. బారికేడ్ దగ్గర బండి ఆపారు. కానిస్టేబుల్ ముందు బండి తాళం లాగి చేతిలో పెట్టుకున్నాడు. 'ఫోన్ తియ్. లాక్ తియ్' అన్నాడు. వెనక ఇంకో ముగ్గురు నిలబడ్డారు. కుర్రాడికి పంతొమ్మిదేళ్లు. ఇంట్లో తెలిస్తే ఎలా అని టెన్షన్. మారుమాట లేకుండా వేలు పెట్టేస్తాడు. కాదంటే ఏమవుతుందో తెలియనివాడు సరేనంటే, దాన్ని ఇష్టపడి ఇచ్చినట్టు ఎలా లెక్కవేస్తాం?

సరే, ఆ మాట కొడితే ఫోన్‌లో ఏమొస్తుంది? ఎవరో గ్రూపులో పెట్టిన వార్త, ఒక మీమ్, అరకు వెళ్లొచ్చిన ఫ్రెండ్ వేసిన జోకు. వాటిని పైకీ కిందికీ జరుపుతుంటే ఇంకేవేవో కనబడతాయి. అక్క పెళ్లి సంబంధం మాటలు, నాన్న షుగర్ రిపోర్టు, ఒక అమ్మాయి నమ్మి పంపిన ఫోటో. ఆ అమ్మాయిని ఏ బారికేడ్ దగ్గరా ఎవరూ ఆపలేదు. ఆమె మీద ఏ అనుమానమూ లేదు. ఫోన్ ఒకరిదే గానీ, అందులో ఉన్న బతుకులు ఎంతోమందివి. అందుకే దాన్ని తెరవమనే ముందు కారణం కాగితం మీద ఉండాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

పోలీసులకు అసలు అధికారమే లేదని నేను అనను. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, దర్యాప్తుకు అవసరమైతే ఫోన్ అప్పగించమని స్టేషన్ అధికారి రాతపూర్వకంగా ఆదేశించవచ్చని 94వ సెక్షన్ చెబుతోంది. వారంట్ తెచ్చే వ్యవధి లేకపోతే 185వ సెక్షన్ కింద సోదా చేయవచ్చు. కానీ దానికి కారణాలు ముందుగా కేసు డైరీలో రాయాలి, దేనికోసం వెతుకుతున్నారో కూడా రాయాలి, ఆ రాసినదాని నకలు 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పంపాలి. ఇవన్నీ ఒక కేసు, ఒక దర్యాప్తు ఉన్నప్పటి మాటలు. మాదకద్రవ్యాల చట్టమైనా అంతే, అనుమానించడానికి కారణం ముందు ఉండాలి. చాట్లు చదివి కారణం తయారు చేసుకోవడం తలకిందుల వ్యవహారం.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమంది గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో కర్ణాటక హైకోర్టు, అత్యవసరమైతే తప్ప ఫోన్ సోదాకు వారంట్ కావాలంది. అమెరికాలో 2014లోనే రైలీ కేసులో సుప్రీంకోర్టు, అరెస్టయిన మనిషి ఫోన్‌కైనా వారంట్ తెచ్చుకోవాల్సిందేనంది. అయితే అక్కడికీ ఇక్కడికీ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ అక్రమంగా సంపాదించిన సాక్ష్యాన్ని కోర్టు సాధారణంగా పక్కన పెడుతుంది. మన దగ్గర 1974 నాటి పూరన్‌మల్ తీర్పు ప్రకారం, సోదా అక్రమమైనంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదు. అంటే ఫోన్ ఒకసారి తెరిచి ఇచ్చాక, తర్వాత కోర్టుకు వెళ్లి గెలుద్దాం అనుకోవడానికి పెద్దగా చోటు ఉండదు. జాగ్రత్త ముందే పడాలి.

వేలిముద్రకూ పాస్‌వర్డ్‌కూ చట్టం దృష్టిలో తేడా ఉంది. రాజ్యాంగం 20వ అధికరణం మూడో క్లాజు ప్రకారం నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు. వేలిముద్ర ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లోనే సుప్రీంకోర్టులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. పాస్‌వర్డ్ మన బుర్రలో ఉండే విషయం. 2023 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, విచారణ నడుస్తున్న నిందితుణ్ణి పాస్‌వర్డ్ చెప్పమని ఒత్తిడి చేయకూడదంది. కర్ణాటక హైకోర్టు మాత్రం కోర్టు ఆదేశించవచ్చంది. ఈ భేదం సుప్రీంకోర్టు తేల్చేదాకా, వేలు పెడితేనో ముఖం చూపితేనో తెరుచుకునే ఫోన్ కంటే పొడుగాటి కోడ్ పెట్టుకున్న ఫోన్ మేలు. నాలుగంకెలు చాలవు. పుట్టినరోజు అసలే వద్దు.

ఇంకోటి. ఫోన్ ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే, మొదటిసారి కోడ్ కొట్టేదాకా లోపలి సమాచారంలో చాలాభాగం ఎన్‌క్రిప్షన్‌లోనే, అంటే కోడ్ లేకుండా చదవలేని రూపంలోనే ఉండిపోతుంది. వేలిముద్ర కూడా అప్పుడు పనిచేయదు. వాట్సాప్ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టుకునే వీలు 2021 నుంచీ ఉంది, మనలో చాలామంది ఆ సెట్టింగ్ ముట్టుకోనే లేదు. ఇవాళే పెట్టుకోండి. ఇవన్నీ మామూలు రోజుల్లో చేసుకునే పనులు. కేసు నమోదయ్యాక, నోటీసు వచ్చాక ఏదీ డిలీట్ చేయకండి. సాక్ష్యం మాయం చేయడం వేరే నేరం, దాంట్లో ఇరుక్కుంటే నాలాంటివాళ్లు ఎవరూ కాపాడలేరు.

రోడ్డు మీద గొడవ పడకండి. 'సార్, ఏ కేసులో అడుగుతున్నారు? ఆర్డర్ ఉంటే చూపించండి, నాకు ఇష్టం లేదు' అని మర్యాదగా, పక్కవాళ్లకు వినబడేలా చెప్పండి. అయినా తీసుకుంటే లాక్కోవద్దు. టైము, చోటు, అధికారి పేరు, స్టేషను ఆ రాత్రే రాసి పెట్టుకోండి.

ఫోన్ సీజ్ చేస్తే పంచనామాలో ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు రాయించండి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని ఇందాక చెప్పిన సురక్షా సంహిత 105వ సెక్షన్ అంటోంది, తీయమని అడగండి. హ్యాష్ వాల్యూ కూడా అడగండి. లోపలున్న డేటాను లెక్కగట్టి తీసే ఒక అంకె అది. డేటాలో ఒక్క అక్షరం మారినా ఆ అంకె మారిపోతుంది. భీమా కోరేగావ్ కేసు గుర్తుందా? మన వరవరరావు గారిని కూడా అరెస్టు చేసిన కేసు. అందులో ఇంకో నిందితుడు రోనా విల్సన్ ల్యాప్‌టాప్ కాపీని పరీక్షించిన అమెరికా సంస్థ ఆర్సెనల్, పోలీసుల చేతికి రాకముందే మాల్‌వేర్ ద్వారా అందులో ఫైళ్లు జొప్పించారని 2021లో రిపోర్టు ఇచ్చింది. ల్యాప్‌టాప్‌లో ఏది ఎప్పుడు చేరిందన్నదే ఒక మనిషి ఎన్నేళ్లు జైల్లో ఉంటాడో తేల్చేస్తుందంటే, సీజ్ చేశాక లోపల ఏదైనా మారిందో లేదో చూపే ఆ అంకె ఎంత ముఖ్యమో చూడండి.

అమెరికాలో చదివే పిల్లలున్నవాళ్లకు ఒక్క మాట. అక్కడ ఎయిర్‌పోర్టులో దిగగానే సరిహద్దు అధికారులు వారంట్ లేకుండానే ఫోన్ అడగవచ్చు. వీసా మీద వెళ్లినవాళ్లు కాదంటే వెనక్కి పంపేయవచ్చు. కాబట్టి ప్రయాణానికి అవసరం లేనివి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లకండి.

2023 నవంబరులో సుప్రీంకోర్టు, ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల స్వాధీనానికి మార్గదర్శకాలు తయారు చేయమని కేంద్రానికి చెప్పింది. అవి వచ్చేదాకా 2020 సీబీఐ మాన్యువల్ పాటిస్తామని డిసెంబరులో కేంద్రం చెప్పింది. అది కేంద్ర ఏజెన్సీల సంగతి. మన బారికేడ్ల దగ్గర నిలబడేది రాష్ట్ర పోలీసులు. అందుకే రెండు రాష్ట్రాల డీజీపీలకూ ఒక వినతిపత్రం రాశాం. వాహన తనిఖీలో ఫోన్ అడగకూడదని, దర్యాప్తులో అడిగితే రాతపూర్వక ఆదేశం చేతికివ్వాలని, సీజ్ చేస్తే హ్యాష్ వాల్యూతో రసీదు ఇవ్వాలని, కేసుకు సంబంధం లేనివాళ్ల ఫోటోలు, సంభాషణలు దాచుకోకూడదని సర్క్యులర్ ఇవ్వమని అడిగాం. కాగితం బయట బల్ల మీద ఉంది. చదివి, నచ్చితేనే సంతకం పెట్టండి. ఏ వాక్యమైనా సరిగా లేదనిపిస్తే చెప్పండి, పంపేలోపు మార్చుదాం.