గేమ్ కంపెనీకి రాసిన ఉత్తరం ఎందుకు తిరిగొస్తుంది?

నమస్తే అండి. సోది లేకుండా విషయంలోకి వెళ్దాం, ఎందుకంటే ఇది చాలా రోజులుగా నా బుర్ర తినేస్తోంది.

గేముల గురించి నలుగురు మాట్లాడుకునే చోట రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. ఒకటి, "కంపెనీకి ఉత్తరం రాస్తే ఎవడు చదువుతాడ్రా, చెత్తబుట్టలో పడేస్తారు." రెండోది, "నా దగ్గర అదిరిపోయే ఐడియా ఉంది, రాసి పంపితే చాలు, పిలిచి ఉద్యోగం ఇస్తారు." రెండూ తప్పే. అసలు సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. రంగు పెన్సిళ్లతో మారియో బొమ్మ గీసి "మీ గేమ్ అంటే నాకు పిచ్చి" అని రెండు లైన్లు రాసిన ఏడేళ్ల పాపకి జవాబు రావచ్చు. రాత్రిళ్లు మేలుకుని పేజీలకు పేజీలు గేమ్ కథ రాసిన ఇంజినీరింగ్ కుర్రాడి కవరు మాత్రం వెనక్కొచ్చేస్తుంది.

మా పిన్ని కొడుక్కి అదే అయింది. ఆమదాలవలసలో ఉంటాడు. కళింగ గాంగుల కాలం మీద గేమ్ అనుకున్నాడు. ముఖలింగంలో మొదలై వంశధార వెంట పడవలో సముద్రం దాకా వెళ్లాలి. మ్యాపులు గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి గీశాడు, గుడి గోపురాలకి షేడింగ్ కూడా ఇచ్చాడు. పెద్ద కంపెనీ ఒకదానికి పంపితే, కొన్నాళ్లకి అవే కాగితాలు, పైన ఒక పేజీ ఉత్తరంతో తిరిగొచ్చాయి. "బయటివారు పంపే ఆలోచనలను మేం పరిశీలించం, అందువల్ల వీటిని తిప్పి పంపుతున్నాం." మా బాబాయ్ ఆ ఉత్తరం చూసి, "ఏటిరా, చదవనైనా లేదా? అంత గొప్పోళ్లా?" అన్నాడు. వాడు ఆ ఫైలు అటక మీద పడేశాడు.

అక్కడే నాకు మండింది. కంపెనీ మీద కాదు, దాన్ని అవమానం అనుకోవడం మీద.

(స్క్రీన్ మీద: అర్జీ మీద గుండ్రటి ఇన్‌వార్డ్ ముద్ర)

సోమవారం కలెక్టర్ గారి గ్రీవెన్స్ అందరికీ తెలుసు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతుంది, మనం మాత్రం గ్రీవెన్సే అంటాం. అర్జీ మీద "గౌరవనీయులైన కలెక్టర్ గారికి" అనే రాస్తాం. కానీ దాన్ని ముందు చూసేది ఎవరు? టేబుల్ దగ్గర కూర్చున్న ఉద్యోగి. పింఛనా, భూమా, రేషన్ కార్డా అని చూసి, నంబర్ వేసి, ఏ శాఖకి వెళ్లాలో ఆ శాఖకి తోస్తారు. గేమ్ కంపెనీలోనూ అంతే. మీరు "మియామోటో గారికి" అని రాసినా, ముందు విప్పేది కస్టమర్ సర్వీస్ మనిషి. మారియోని సృష్టించిన షిగెరు మియామోటో పొద్దున్నే కాఫీ తాగుతూ మన కవర్లు చింపుకుంటూ కూర్చోరు.

ఇప్పుడు ఆ ముద్ర సంగతి. మీ అర్జీ మీద ఇన్‌వార్డ్ నంబర్ పడిందంటే, "మాకు ఈ విషయం తెలియదు" అని ఆఫీసు ఇక అనలేదు. అర్జీదారుడి బలమంతా ఆ ముద్రలోనే ఉంది. అందుకే మన పెద్దాళ్లు రసీదు లేకుండా బల్ల దగ్గర్నుంచి కదలరు. గేమ్ కంపెనీ భయపడేదీ ఆ ముద్రకే.

మా తమ్ముడి కాగితాలు విప్పి చదివారనుకోండి. రెండేళ్ల తర్వాత వాళ్లే నది, పడవ, పాత గుడి ఉన్న గేమ్ ఒకటి తెచ్చారనుకోండి. అది వాళ్లు ముందునుంచీ చేసుకుంటున్నదే కావచ్చు. కానీ మా బాబాయ్ ఊరుకుంటాడా? "మావోడిది కాపీ కొట్టారు" అని కోర్టుకి వెళ్తాడు. అమెరికా కాపీరైట్ కేసుల్లో అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, అసలు రచన వీళ్ల చేతికి అందే అవకాశం ఉందా అని. తర్వాత, రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయి అని. మొదటిదానికి కంపెనీ దగ్గరున్న గట్టి జవాబు ఒక్కటే: "మేం చదవనే లేదు, ఇదిగో తిప్పి పంపిన ఉత్తరం." అంటే ముద్ర పడకుండా కాగితం వెనక్కి ఇచ్చేయడం. మారియో గేములు చేసే నింటెండోతో సహా పెద్ద కంపెనీలు చాలావాటికి ఇదే నియమం.

"అంటే నా ఐడియా దొంగిలిస్తారనేగా!" అంటారు కొందరు. ఆగండి. ఉత్త ఐడియాకి కాపీరైట్ ఉండదు. మన సుప్రీంకోర్టే 1978లో ఒక నాటక రచయితకీ సినిమా నిర్మాతకీ మధ్య వచ్చిన ఆర్.జి. ఆనంద్ కేసులో ఆ మాట తేల్చేసింది. ఆలోచన ఎవరికైనా రావచ్చు, దాన్ని చెప్పిన తీరుకే రక్షణ. కానీ గెలిచే కేసైనా లాయర్ ఫీజు ఫీజే కదా. అన్నదమ్ముల ఆస్తి పంపకం అర్జీ తీసుకెళ్తే గ్రీవెన్స్‌లో ఏమంటారు? "ఇది సివిల్ తగాదా, కోర్టులో చూసుకోండి" అంటారు. మిమ్మల్ని తిట్టినట్టు కాదు, అది ఆ బల్ల పని కాదంతే.

మరి ఆ బల్ల పని ఏమిటి? నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే.

1980. అటారీ కంపెనీ, అడ్వెంచర్ అనే గేమ్. అప్పట్లో అటారీ గేముల మీద ప్రోగ్రామర్ పేరు వేసేవాళ్లు కాదు. వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్‌కి ఒళ్లు మండి, గేమ్ లోపల ఒక రహస్య గది కట్టేశాడు. నేల రంగులో కలిసిపోయే ఒక్క చుక్క ఉంటుంది, పిక్సెల్ అంత. దాన్ని వెతికి పట్టుకుని సరైన చోటికి మోసుకెళ్తే గది తెరుచుకుంటుంది. లోపల ఆయన పేరు మెరుస్తూ ఉంటుంది. ఆ గది సంగతి పై అధికారులకి చెప్పకుండానే ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. కంపెనీకి ఆ సంగతి ఎలా తెలిసిందంటారు? సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక 15 ఏళ్ల కుర్రాడు ఉత్తరం రాశాడు, మీ గేములో ఇలాంటి గది ఉంది అని!

సొంత ఇంట్లో గది ఉందని ఇంటివాళ్లకి పోస్టులో తెలిసింది. ఎవరూ చదవకపోతే ఇది బయటపడేదా? ఆ గదిని తీసేయకుండా ఉంచారు. అటారీలోనే స్టీవ్ రైట్ అనే ఆయన ఇలాంటి రహస్యాలకి ఈస్టర్ ఎగ్స్ అని పేరు పెట్టాడు. ఈ రోజు ప్రతి గేములోనూ వెతుక్కుంటున్నామే, అవే.

పేరు వేయడం లేదనే అసంతృప్తితోనే అటారీ నుంచి ఇంకొందరు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. వీళ్లైతే ఉత్తరాలు రమ్మని పిలిచారు. 1982లో వచ్చిన పిట్‌ఫాల్ అనే గేములో 20,000 పాయింట్లు కొట్టి, టీవీ స్క్రీన్‌ని ఫొటో తీసి పంపితే, అభినందన ఉత్తరంతో పాటు కుట్టుపని చేసిన గుడ్డ బ్యాడ్జీ వచ్చేది, చొక్కాకి కుట్టుకోవడానికి. స్క్రీన్‌షాట్ బటన్ లేని రోజులు. రీలు కెమెరా. ఫ్లాష్ వేస్తే టీవీ అద్దం మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ పడదు. ఫ్లాష్ ఆపి, గదిలో లైట్లు ఆర్పి, చెయ్యి కదలకుండా పట్టుకోవాలి. ఆ తర్వాత రీలు అయ్యేదాకా ఆగి స్టూడియోకి ఇవ్వాలి. స్కోరు పడిందో లేదో కడిగించాకే తెలుస్తుంది. టెన్షన్ ఆటలో కంటే ఫొటోలోనే ఎక్కువ!

మనకి ఈ అలవాటు ఎందుకు లేదో కూడా చెప్పాలి. తొంభైల్లో మనం ఆడింది పసుపు రంగు కేసెట్లు. ఉఫ్ అని ఊది పెడితేగానీ బొమ్మ వచ్చేది కాదు. పైన "9999 ఇన్ 1" అని ఉండేది, లోపల తిప్పి తిప్పి అవే పదో పాతికో. అవన్నీ నకిలీ డబ్బాలు. వెనక్కి తిప్పితే కంపెనీ పేరూ లేదు, అడ్రసూ లేదు. రాద్దామన్నా ఎవరికి రాస్తాం? అర్జీ రెడీ, కలెక్టరాఫీసే లేదు.

సరే, నింటెండో దగ్గరికి వద్దాం. 1889లో జపాన్‌లోని క్యోటోలో పేకముక్కలు తయారు చేస్తూ మొదలైన కంపెనీ ఇది. అమెరికాలో 1988 నుంచి నింటెండో పవర్ అని వాళ్ల పత్రిక వచ్చేది, 2012 దాకా నడిచింది. అందులో పాఠకుల ఉత్తరాలే కాదు, బొమ్మలు వేసి పంపిన కవర్లని కూడా అచ్చేసేవాళ్లు. గల్ఫ్ యుద్ధంలో ఉన్న ఒకాయన గేమ్ బాయ్, అంటే చేత్తో పట్టుకుని ఆడే నింటెండో మెషిన్, మంటల్లో కాలిపోతే, ఆయన దాన్ని వాళ్లకి పంపాడు. ముందువైపు ప్లాస్టిక్ కరిగి, ఉబ్బి, నల్లగా మాడిపోయి ఉంది. ప్లగ్ పెడితే లోపల టెట్రిస్, అదే పైనుంచి పడే ముక్కల్ని పేర్చే ఆట, ఆడింది! ఆయనకి కొత్తది ఇచ్చారు. కాలినదాన్ని న్యూయార్క్‌లోని తమ స్టోర్‌లో ఏళ్ల తరబడి అద్దాల పెట్టెలో ప్రదర్శనకి పెట్టారు.

జపాన్‌లో ఇంకో కథ. 95 ఏళ్ల బామ్మగారు, టెట్రిస్ అంటే ప్రాణం. ఆమె గేమ్ బాయ్ పాడైంది. ఆ మోడల్‌కి రిపేరు ఎప్పుడో ఆపేశారు. ఇంట్లోవాళ్లు చేత్తో ఉత్తరం రాసి, పాడైన పెట్టెతో కలిపి పంపారు. కంపెనీ గోదాములో మిగిలి ఉన్న ఒకదాన్ని వెతికి, ఆవిడ నిండు నూరేళ్లు ఉండాలని కోరుతూ ఉత్తరంతో పంపింది.

గమనించారా, ఈ ఉత్తరాల్లో ఎక్కడా "ఇలాంటి గేమ్ చెయ్యండి" అని లేదు. "ఇలా జరిగింది, ఇలా ఆడాం" అని ఉంది. దీని మీద ఏ ముద్ర వేసినా కంపెనీకి నష్టం లేదు.

మరి ఐడియాలు ఎప్పుడూ తీసుకోరా? తీసుకుంటారు, వాళ్లే అడిగినప్పుడు. క్యాప్‌కామ్ అనే జపాన్ గేమ్ కంపెనీ 1988 నాటి మెగా మ్యాన్ 2 గేమ్ నుంచి విలన్ల డిజైన్లు పంపమని జపాన్ పిల్లలకి పోటీలు పెట్టింది. వేలకొద్దీ వచ్చాయి, ఎంపికైనవి గేములోకి వెళ్లాయి. మెగా మ్యాన్ 4లో డస్ట్ మ్యాన్‌ని గీసి పంపిన పిల్లాడి పేరు యూసుకే మురాటా. పెద్దయ్యాక వన్ పంచ్ మ్యాన్ మాంగాకి, అంటే జపాన్ బొమ్మల కథకి, బొమ్మలు వేసింది ఆయనే. పోటీ అంటే హక్కుల సంగతి ముందే నిబంధనల్లో రాసి ఉంటుంది. కలెక్టరే మీ ఊరొచ్చి గ్రామసభ పెట్టి అడిగినట్టు. అప్పుడు చెప్పండి, గొంతెత్తి చెప్పండి.

అయ్యో, బ్యాటరీ ఎర్రగా చూపిస్తోంది. మిగతాది పరుగు మీద.

కోపంతో రాసే ఉత్తరాలు. 2012లో మాస్ ఎఫెక్ట్ 3 గేమ్ ముగింపులు రంగు తప్ప అన్నీ ఒకటే అని అభిమానులు దాన్ని చేసిన బయోవేర్ కంపెనీకి 400కు పైగా కప్‌కేకులు పంపారు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, రుచి మాత్రం అన్నిటికీ వెనీలాయే! నాకైతే ఇంతకంటే గొప్ప అర్జీ లేదు. కంపెనీ ఆ కేకుల్ని యువత కోసం నడిచే ఒక కేంద్రానికి ఇచ్చేసింది, అదే ఏడాది ముగింపుని పెంచి ఉచితంగా ఇచ్చింది. గుంపుగా రాయడం ఇంకో దారి. జెనోబ్లేడ్ గేమ్‌ని అమెరికాకి తెచ్చే ఆలోచన లేదని 2011లో నింటెండో అమెరికా శాఖ చెప్తే, అభిమానులు ఉత్తరాలతో పాటు అమెజాన్‌లో ముందస్తు ఆర్డర్లు కుమ్మేశారు. 2012 ఏప్రిల్‌లో అమెరికాలో వచ్చింది. డబ్బు కట్టి మరీ అర్జీ పెట్టారన్నమాట.

ఇక రాసే పద్ధతి. మొదటి వాక్యంలోనే ఏ గేమ్, ఏ మెషిన్, ఏ లెవెల్ అని రాయండి. సర్వే నంబర్ లేని భూమి అర్జీ ఎక్కడికి వెళ్తుందో, "మీ గేమ్ బాలేదు" అనే ఉత్తరం కూడా అక్కడికే వెళ్తుంది. ఒక పేజీ చాలు. చేతిరాత ఐతే ఇంకా మంచిది. ఐడియా ఒక్క లైను కూడా ఇరికించొద్దు, ఆ ఒక్క లైనుకే మొత్తం కవరు తిరిగొస్తుంది. "మీ అభిప్రాయాన్ని సంబంధిత విభాగానికి పంపాం" అని జవాబొస్తే మొహం మాడ్చుకోకండి. గ్రీవెన్స్‌లోనూ అదే మాట వస్తుంది కదా, కనీసం కాగితం కదిలిందన్నమాట.

మా తమ్ముడూ, నువ్వు ఇది చూస్తావని తెలుసు. ఆ మ్యాపులు అటక మీంచి దించు. కంపెనీకి పంపడానికి కాదు. గోడాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ముఖలింగం లెవెల్ ఒక్కటి నువ్వే కట్టు. కంపెనీకైతే చిన్నప్పటి నుంచి వాళ్ల గేముల్లో నీకు నచ్చిందేమిటో రాయి, చాలు.

పోస్టాఫీసు కౌంటర్ దగ్గర విదేశాలకి అని చెప్పండి, తూకం వేసి ఎంత స్టాంపులో వాళ్లే చెప్తారు. వెనక మీ అడ్రస్ ఇంగ్లీషులో, విడి అక్షరాలతో, పిన్ కోడ్‌తో సహా, కింద ఇండియా అని పెద్దగా. చాలామంది ఊరి పేరు దాకా రాసి దేశం పేరు మర్చిపోతారు, అప్పుడు జవా