శేషాచలం కొండల్లో ఒంటరిగా ఒక రోజు నడక: ప్లాన్ వేద్దాం రండి

నమస్కారం. తిరుపతిలో ఉంటూ కొండ ఎక్కని వాళ్లు అరుదు. అయినా "రేపు ఒక్కదాన్నే నడిచి వెళ్తున్నాను" అని ఇంట్లో చెప్పి చూడండి, "ఎవరితోనైనా గొడవపడ్డావా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నను పట్టించుకోనక్కర లేదు. దాని వెనకాలే "ఎటు వెళ్తావు, ఎన్నింటికి వస్తావు?" అనే ప్రశ్న వస్తుంది. దానికి మాత్రం జవాబు ఉండాలి. అది నోటితో చెబితే చాలదు, కాగితం మీద రాసి ఇవ్వాలి. ఈ వీడియోలో మనం చేయబోయేది ఆ కాగితం తయారు చేయడమే.

ముందు ఎక్కడికి వెళ్లాలో తేల్చుకుందాం. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఫోనులో జలపాతం ఫొటో కనిపిస్తే చాలు, సంచి సర్దేస్తారు. మన చుట్టూ ఉన్న కొండల్లో పెద్ద భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం కిందికి వస్తుంది. దాన్ని 1989లో ప్రకటించారు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానవనంలో అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. పైగా ఇది ఎర్రచందనం అడవి. లోపల సంచి తగిలించుకుని ఒంటరిగా తిరిగే కొత్త మనిషిని చూస్తే అటవీ సిబ్బందికి ముందు ఏ అనుమానం వస్తుందో మీకు చెప్పనక్కర లేదు. "నేను ట్రెక్కింగ్‌కి వచ్చాను సార్" అన్న మాట అప్పుడు పనికిరాదు. చేతిలో అనుమతి పత్రం ఉండాలి, లేదా అనుమతి అవసరం లేని దారిలో ఉండాలి.

మరి అడవి లోపలున్న తుంబురు తీర్థం, కుమారధార, రామకృష్ణ తీర్థం? వాటికీ రోజులున్నాయి. సాధారణంగా పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు. ఆ రోజుల్లో జనం వెళ్తారు, దారి పొడవునా సిబ్బంది ఉంటారు. లోపలి అడవిని చూడాలనే కోరిక ఉంటే పంచాంగం చూసుకుని ఆ రోజున వెళ్లండి. ఒంటరిగా బయలుదేరినా చుట్టూ మనుషులు ఉంటారు. మిగతా రోజుల్లో ఎవరో పెట్టిన జీపీఎస్ గీతను పట్టుకుని తీర్థాల వైపు వెళ్లడాన్ని నేను సాహసం అనను.

మొదటిసారి ఒంటరిగా నడిచేవాళ్ల కోసం ఈ రోజు నేను ఎంచుకున్న దారి ఇది: అలిపిరి నుంచి మెట్ల మీద తిరుమల, అక్కడి నుంచి శిలాతోరణం అనే సహజ రాతి కమాను, తర్వాత శ్రీవారి మెట్టు అనే ఇంకో మెట్ల దారి మీదుగా దిగుడు. "మెట్ల దారి కూడా ట్రెక్కింగేనా?" అని మీలో కొందరు నవ్వుకుంటున్నారని తెలుసు. తిరుపతి ఊరు సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంటే ఒక పూటలో దాదాపు 700 మీటర్లు ఎక్కుతున్నారు. నవ్వేది ఏదైనా ఉంటే, దారి చివర్లో వచ్చే నిటారు మెట్లు, మోకాళ్ల పర్వతం, దాటాక నవ్వండి.

ఇప్పుడు తెర మీద మ్యాప్ చూడండి. ఇది సర్వే ఆఫ్ ఇండియా వారి 50 వేల స్కేలు మ్యాప్. ఇందులో 2 సెంటీమీటర్లు అంటే నేల మీద ఒక కిలోమీటరు. ఈ గోధుమ రంగు గీతలన్నీ ఎత్తును చెబుతాయి. ఒక గీత నుంచి పక్క గీతకు 20 మీటర్ల తేడా. ప్రతి అయిదో గీత లావుగా ఉంటుంది, కాబట్టి లావు గీత నుంచి లావు గీతకు 100 మీటర్లు. గీతలు ఎడంగా ఉంటే నేల చదునుగా ఉందని అర్థం. ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఉంటే అది నిలువు కొండ. అలిపిరి వైపు వేలు పెట్టి చూడండి. మొదట్లోనే గీతలు ఎలా దగ్గరపడ్డాయో కనిపిస్తుంది. దారిలో ఉన్న సుమారు 3,550 మెట్లలో ఎక్కువ భాగం గాలి గోపురం లోపే అయిపోతాయి. ఆ తర్వాత ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం దాటి చాలా దూరం హాయిగా నడుస్తారు. "అయిపోయింది, ఇంక చేరిపోయాం" అనుకునేటప్పుడు మోకాళ్ల పర్వతం ఎదురవుతుంది. కాబట్టి గాలి గోపురం దగ్గరే శక్తి మొత్తం ఖర్చు పెట్టకండి.

సమయం లెక్కకు ఒక పాత సూత్రం ఉంది. స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ అనే పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం. మన కొలతల్లో చెప్పాలంటే, ప్రతి 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు. దూరానికి గంటా 48 నిమిషాలు, ఎత్తుకు గంటా 10 నిమిషాలు. కలిపితే మూడు గంటలు. ఇది ఆగకుండా నడిచే గట్టి మనిషి లెక్క. నీళ్లకు, నీడకు, జింకల దగ్గర ఫొటోకు మరో గంట కలపండి. నాలుగు గంటలు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఈ సూత్రాన్ని మడిచి జేబులో పెట్టుకోండి, అసలు ఆ నెలల్లో ఈ నడక పెట్టుకోకండి.

ఇక కాగితం. నేను రాస్తాను, మీరు చూస్తూ ఉండండి.

"ఉదయం 6.00 అలిపిరి. 7.30 గాలి గోపురం. 10.00 తిరుమల. 11.30 శిలాతోరణం. 1.30 శ్రీవారి మెట్టు పైమెట్టు. 3.00 మెట్ల కింద. 5.00 ఇల్లు. పన్నెండు లోపు శిలాతోరణం చేరకపోతే అది చూడకుండానే తిరుగుతాను. రెండున్నర లోపు పైమెట్టు దగ్గర లేకపోతే మెట్లు దిగను, బస్సులో వస్తాను. ఆరున్నర దాకా నా నుంచి ఫోను రాకపోతే నువ్వు చెయ్యి. ఏడుకు కూడా దొరకకపోతే 112కు ఫోను చేసి ఈ కాగితం చదివి వినిపించు. నీలం చొక్కా, నల్ల సంచి."

ఈ కాగితం మా అమ్మ దగ్గర ఉంటుంది. ఇందులో అందరూ వదిలేసేవి రెండున్నాయి. ఒకటి, వెనుదిరిగే సమయం. దాన్ని ఇంట్లో చల్లగా కూర్చున్నప్పుడే రాసుకోవాలి. కొండ మీద "ఇంకొక్క పది నిమిషాలు" అనిపిస్తుంది. తోడు ఎవరైనా ఉంటే చెయ్యి పట్టి లాగుతారు, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పని ఈ కాగితం చేయాలి. రెండోది, ఎన్నింటికి కంగారుపడాలో ఇంట్లో వాళ్లకు చెప్పడం. అది చెప్పకపోతే మధ్యాహ్నం నుంచే కంగారుపడతారు, లేదా "ఎక్కడో సిగ్నల్ లేదేమో" అనుకుంటూ రాత్రి దాకా ఊరుకుంటారు. దారి మార్చుకుంటే మారినట్టు ఫోను చేసి చెప్పండి. చెప్పకుండా మార్చారా, ఆ కాగితం తప్పు దారి చూపిస్తుంది.

ఆరింటికి ముందు ఎందుకు బయలుదేరకూడదు? అలిపిరి దారిని అంతకంటే ముందే తెరుస్తారు కదా? చిరుతలు ఎక్కువగా తిరిగేది చీకటి వేళల్లో, మసక వెలుతురులో. 2023 ఆగస్టులో ఈ దారిలోనే ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం రెండు దాటాక పన్నెండేళ్ల లోపు పిల్లలను మెట్ల దారిలోకి పంపకుండా ఆంక్షలు పెట్టారు, భక్తులకు కర్రలు ఇచ్చారు, బోనులు పెట్టి కొన్ని చిరుతలను పట్టారు. ఒంటరిగా నడిచేవాళ్లు బాగా వెలుగు వచ్చాక బయలుదేరి, ముందు ఒక గుంపు, వెనక ఒక గుంపు కనిపించేంత దూరంలో నడిస్తే మంచిది. వాళ్లతో మాట్లాడనక్కర లేదు, మీ ఒంటరితనానికి ఏమీ భంగం రాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. చిరుత కనిపిస్తే పరుగెత్తకండి, వంగకండి, కూర్చోకండి. దాని వైపే తిరిగి నిలబడి, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ మెల్లగా వెనక్కి అడుగులు వేయండి.

ఏనుగుల సంగతి వేరు. వాటి ముందు ధైర్యం ప్రదర్శించడానికి ఏమీ లేదు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు అడవి దారిన తలకోనకు నడిచి వెళ్తున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు దాడి చేశాయి, ప్రాణాలు పోయాయి. వాళ్లు గుంపుగానే వెళ్లారు. గుంపుకే రక్షణ లేని దారిలో ఒక్క మనిషి ప్లాన్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. ఏనుగులు వచ్చాయని ఊళ్లో చెబితే ఆ రోజు నడక మానేయడమే.

కాలం గురించి. మనకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. 2021 నవంబరు వరదలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది. మళ్లీ తెరిచింది 2022 మే నెలలో. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వచ్చిన వారం కొండ వైపు చూడకండి. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా పైన ఎక్కడో కురిసిన వాన వాగులోకి వచ్చేస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు అన్నిటికంటే మేలు. తర్వాత ఎండిన గడ్డికి నిప్పు అంటుకునే కాలం మొదలవుతుంది. 2014 మార్చిలో తిరుమల అడవి తగలబడినప్పుడు మంటలు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది.

సంచి గురించి ఎక్కువ చెప్పను, దాని మీద వీడియోలు కొల్లలు. నీళ్లు రెండు లీటర్లు, స్టీలు సీసాలో. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు అనుమతి లేదు. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, టోపీ, టార్చి, పవర్ బ్యాంకు, ఒక ఈల, చీలమండకు కట్టుకునే సాగే పట్టీ. మ్యాప్‌ను ముందే ఫోనులోకి దించుకోండి. పొగాకు, మద్యం, మాంసాహారం కొండ మీదికి నిషేధం, అలిపిరి దగ్గరే తనిఖీ ఉంటుంది. డ్రోను కూడా ఇంట్లోనే వదిలేయండి. దాని కోసం వాదించి, ఆ పూటంతా స్టేషన్లో కూర్చోవడం అవసరమా?

పాము కాటు గురించి మాత్రం ఒక నిమిషం. బిగించి తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, ఈ మూడూ చేయకూడదు. కాటు పడిన కాలు కదలకుండా ఉంచి, కూర్చున్న చోటు నుంచే కేకవేసి మనుషులను పిలిచి, 108కి ఫోను చేయాలి. విషానికి విరుగుడు ఆసుపత్రిలోనే ఉంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఈల ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. గొంతు అరగంటలో ఆరిపోతుంది, ఈల ఆరిపోదు.

"అక్కా, ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లవచ్చా?" అని చాలామంది అడుగుతుంటారు. ఈ మెట్ల దారిలో అయితే వెళ్లవచ్చు అంటాను. పగటిపూట జనం ఉంటారు, దుకాణాలుంటాయి, మరుగుదొడ్లుంటాయి, సిబ్బంది ఉంటారు. దారిలో ఎవరైనా "ఒక్కదానివే వచ్చావా అమ్మా?" అని అడిగితే "మా వాళ్లు వెనకాల వస్తున్నారు" అనండి. కొండ మీద అబద్ధం ఆడితే పాపం అనుకుంటే, ఈ ఒక్కటీ ఆయన చూసీచూడనట్టు వదిలేస్తాడని నా నమ్మకం.

శిలాతోరణం దగ్గర కాసేపు కూర్చోవడానికి సమయం ఉంచాను, చూశారు కదా. ఆ సహజ కమాను క్వార్ట్‌జైట్ రాయి. ఘాట్ రోడ్డు పక్కన కొండ కోసిన చోట అలాంటి రాతి పొర పాత గ్రానైట్ మీద నేరుగా కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆ రెండు పొరలకూ మధ్య పదుల కోట్ల ఏళ్ల ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. బస్సులో వెళ్తే రెండు సెకన్లలో దాటిపోతుంది.

ఇక దిగుడు. శ్రీవారి మెట్టులో సుమారు 2,388 మెట్లు, దూరం 2.1 కిలోమీటర్లే. దూరం తక్కువ, మెట్లు నిటారు. ఎక్కేటప్పుడు గుండెకు శ్రమ అయితే దిగేటప్పుడు మోకాళ్లకు శ్రమ. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు ఈ భాగం తీసేసి తిరుమల నుంచే బస్సు ఎక్కండి. చెప్పులు లేకుండా నడవాలనుకునేవాళ్లు, ఎండకు రాయి కాలే వేళ కాబట్టి, కాగితంలో దిగుడును గంటన్నర ముందే మొదలయ్యేలా రాసుకోండి. ఈ దారి సాయంత్రం మూసేస్తారు. ఎన్ని గంటలకో బయలుదేరే ముందు రోజు టీటీడీ ప్రకటన చూసుకోండి, వేళలు మారుతుంటాయి.

ఇంకొక్క మాట. అలిపిరిలో స్కూటరు పెట్టి ఎక్కకండి. మీరు దిగేది శ్రీనివాస మంగాపురం వైపు, స్కూటరు ఉండేది ఊరికి ఈ చివర. అలసిన కాళ్లతో మళ్లీ ఆటో పట్టుకుని బండి కోసం వెళ్లాలి. ఉదయం బస్సులో అలిపిరి వెళ్లండి, సాయంత్రం మంగాపురం నుంచి బస్సో ఆటోనో పట్టుకోండి. చిల్లర దగ్గర ఉంచుకోండి.