కాన్‌కూన్ దాకా వెళ్ళి రిసార్ట్‌లోనే కూర్చుంటారా?

అందరికీ నమస్కారమండీ. థాంక్స్‌గివింగ్ సెలవలు, క్రిస్మస్ సెలవలు దగ్గరకొచ్చేసరికి అమెరికాలో ఉండే మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒకటే చర్చ, ఈసారి ఎక్కడికెళ్దాం, ఎక్కడికెళ్దాం అని, తిరిగి తిరిగి చాలామంది మెక్సికోలో సముద్రం ఒడ్డున ఉన్న కాన్‌కూన్ దగ్గరే ఆగుతారు. హ్యూస్టన్ నుంచో డాలస్ నుంచో ఎక్కితే మూడు గంటల్లోపే దిగిపోతాం, పైగా చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్ట్‌లో ఉంటే ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి మెక్సికో వీసా విడిగా తీసుకునే పని లేదు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి చూసుకోండి, అమెరికాకి తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్ సరిగ్గా ఉందో లేదో అది ఇంకా ముందు చూసుకోండి.

సరే, వెళ్ళారు. ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్ట్ బుక్ చేశారు, చేతికి ప్లాస్టిక్ బ్యాండ్ కట్టారు, ఇక తిన్నంత తిండి తాగినంత తాగుడు. ఇక్కడే మనోళ్ళకి ఒక జబ్బు మొదలవుతుందండీ. "అంత డబ్బు కట్టాం కదా, బయటికెళ్ళి మళ్ళీ డబ్బు పెట్టి తినడం ఎందుకు" అని లెక్క. ఆ లెక్కతో నాలుగు రోజులూ బఫే నుంచి పూల్‌కి, పూల్ నుంచి బఫేకి తిరిగి, రెండు కేజీలు పెరిగి వచ్చేస్తారు. పూల్ దగ్గర పడుకోవడం తప్పని నేననట్లేదు, పిల్లలతో వెళ్ళినవాళ్ళకి అదే పెద్ద రెస్టు. కానీ ఒక్క విషయం తెలుసుకోవాలి, కాన్‌కూన్ అనేది దానంతటది పెరిగిన ఊరు కాదు. 1970 దాకా అక్కడ ఇసుక, మడ అడవులు, కాసిని కొబ్బరిచెట్లు. డాలర్లు రావాలని మెక్సికో ప్రభుత్వం ప్లాన్ గీసి మరీ కట్టించిన టూరిస్ట్ ఊరు అది. హోటల్ జోన్ అంటారు చూశారా, మ్యాప్‌లో 7 అంకె ఆకారంలో ఉంటుంది, ఒకపక్క కరీబియన్ సముద్రం, ఇంకోపక్క నిచుప్తే సరస్సు, ఆ సరస్సులో మొసళ్ళుంటాయి, కాబట్టి సాయంత్రం పూట ఆ ఒడ్డున కాళ్ళు పెట్టుకుని సెల్ఫీలు వద్దు. అంటే రిసార్ట్ లోపల మీరు చూసేది మీ కోసమే తయారుచేసిన మెక్సికో, అసలుది గేటు దాటాకే.

ఇంకోటి, మెక్సికోలో బీచ్‌లన్నీ చట్టం ప్రకారం పబ్లిక్. రిసార్ట్‌కి మీరు కట్టింది కుర్చీకి, గొడుక్కి, డ్రింకుకి, సముద్రానికి కాదు. హోటల్ జోన్ రోడ్డు మీద ఆర్1, ఆర్2 అని బస్సులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, కొద్ది పేసోలు, అంటే అక్కడి డబ్బు, ఇస్తే ఏ బీచ్ దగ్గర కావాలంటే అక్కడ దిగొచ్చు. ప్లాయా డెల్ఫీనెస్ అని ఒక బీచ్ ఉంది, ముందు హోటళ్ళు అడ్డం లేకుండా సముద్రం మొత్తం కనిపిస్తుంది, రంగురంగుల కాన్‌కూన్ అక్షరాల దగ్గర అందరూ ఫోటోలు దిగేది అక్కడే. రోడ్డు అవతల ఎల్ రే అనే శిథిలాలు, మాయా అనే అక్కడి పాత జాతివాళ్ళు కట్టినవి, వాటి మీద ఎండ కాచుకుంటూ ఉడుముల్లాంటి పెద్ద పెద్ద ఇగువానాలు, పిల్లలకి గుడి రాళ్ళ కంటే అవే నచ్చుతాయి.

కానీ ఆ డెల్ఫీనెస్‌లో అలలు గట్టిగా ఉంటాయి. 7 అంకెలో పొడుగు గీత ఉంది చూడండి, తూర్పుకి తిరిగి ఉండే వైపు, అక్కడంతా అంతే. పైన అడ్డగీత వైపు, అంటే ఉత్తరం వైపు బీచ్‌లు నెమ్మది, ఎదురుగా ఇస్లా ముహేరెస్ దీవి కాపు కాస్తుంది. చిన్నపిల్లలుంటే, ఈత అంతంతమాత్రమైతే రిసార్ట్ బుక్ చేసేటప్పుడే ఏ వైపు ఉందో చూసుకోండి, వెబ్‌సైట్ ఫోటోల్లో అన్ని సముద్రాలూ ఒకేలా నీలంగా కనిపిస్తాయి. ఒడ్డున జెండాలు పెడతారు, పచ్చ అంటే పర్లేదు, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ప్రమాదం, నలుపు అంటే అసలు దిగొద్దు. మోకాళ్ళ లోతే కదా అని ఎర్రజెండా రోజు దిగితే లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, దానికెదురు ఈదకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, ఈ ఒక్క మాట మాత్రం ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి ఉంచండి.

ఇక సముద్రం మూడ్ గురించి. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా సర్గాసమ్ అని గోధుమరంగు సముద్రపు నాచు కుప్పలు కుప్పలుగా కొట్టుకొస్తుంది, 2011 నుంచి ఇది బాగా ఎక్కువైంది, కుళ్ళితే కోడిగుడ్డు చెడిపోయిన వాసన. తెల్లారేసరికి రిసార్ట్ వాళ్ళు ట్రాక్టర్లతో ఎత్తిపోస్తుంటారు, మధ్యాహ్నానికి మళ్ళీ రెడీ. అలాంటి రోజుల్లో దిగులుపడి గదిలో కూర్చోకుండా ఫెర్రీ ఎక్కి ఇస్లా ముహేరెస్ వెళ్ళిపోండి, ఇరవై నిమిషాలు. అక్కడ ప్లాయా నోర్తే అనే బీచ్‌కి నాచు చాలా తక్కువ చేరుతుంది, నీళ్ళు నడుంలోతు కూడా లేకుండా చాలా దూరం పోతాయి, అలలుండవు, మా అమ్మలాంటి వాళ్ళని కూడా చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నడిపించొచ్చు. దీవిలో కార్ల బదులు గోల్ఫ్ కార్టులు అద్దెకిస్తారు, డ్రైవింగ్ లైసెన్స్ చూపించాలి, దక్షిణం కొసకి పోతే పుంతా సుర్ అని కొండ అంచు, ఇష్‌చెల్ అనే మాయా దేవత గుడి శిథిలం, మెక్సికోలో పొద్దు మొదట పొడిచేది అక్కడేనని చెప్తారు.

ఆ చుట్టుపక్కలే సముద్రం అడుగున మ్యూజియం ఉంది, మూసా అంటారు, 2010లో తెరిచారు, ఐదొందల దాకా మనుషుల విగ్రహాలు నీళ్ళ అడుగున నిలబడి ఉంటాయి. ఊరికే వింత కోసం పెట్టలేదు అవి. టూరిస్టులు ఎక్కువై సహజమైన పగడపు దిబ్బలు దెబ్బతింటుంటే జనాన్ని ఇటు మళ్ళిద్దామని పెట్టారు, సముద్రానికి హాని చెయ్యని సిమెంటుతో చేశారు, ఇప్పుడా విగ్రహాల ముక్కుల మీద చెవుల మీద పగడాలు పెరుగుతున్నాయి, చేపలు కాపురాలు పెట్టాయి. సిలిండర్ కట్టుకుని లోతుకి దిగే స్కూబా రానివాళ్ళకి తక్కువ లోతులో స్నార్కెలింగ్‌తో, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనుంచే, చూసే భాగం కూడా ఉంది.

జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య దాకా వెళ్ళేవాళ్ళకైతే వేల్ షార్క్‌లు. పేరులో షార్క్ ఉంది గానీ తినేది చేపగుడ్లు, కంటికి కనిపించనంత చిన్న జీవాలు, నోరు తెరుచుకుని నీళ్ళు వడగట్టుకుంటూ పోతుంది, పెద్దవి పది పన్నెండు మీటర్లు కూడా ఉంటాయి. గైడ్‌తో పాటు ఒకసారికి ఇద్దర్నే దింపుతారు, లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే, ముట్టుకోకూడదు. పడవ ప్రయాణం మాత్రం గంటల తరబడి ఊపేస్తుంది, వాంతుల మాత్ర పొద్దున్నే వేసుకోండి. దక్షిణంగా అకుమాల్‌లో తాబేళ్ళతో ఈదొచ్చు, వేసవిలో ఈ తీరమంతా రాత్రిళ్ళు అవి ఇసుకలో గుడ్లు పెడతాయి. మన విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో ఆలివ్ రిడ్లీ గూళ్ళకి కంచె కడతారు చూశారా, అక్కడ రిసార్ట్‌ల ముందే అలాంటి కంచెలు కనిపిస్తాయి, ఫ్లాష్ కొట్టి వాటిని కంగారుపెట్టకండి.

ఇవన్నీ సరే, నన్నడిగితే ఒక్క రోజే బయటికి వెళ్ళే వీలుంటే సెనోటేకి వెళ్ళమంటాను. సముద్రం మనకీ ఉంది, భీమిలిలోనూ ఉంది, సూర్యలంకలోనూ ఉంది. సెనోటే మనకి లేదు. కాన్‌కూన్ ఉన్న ద్వీపకల్పం పేరు యుకతాన్, దాని ఉత్తరభాగం అంతా సున్నపురాయి నేల, వాన పడితే నీళ్ళు నేలమీద నిలవకుండా లోపలికి ఇంకిపోతాయి, అందుకే అక్కడ పైన పారే నదులే ఉండవు, పారేదంతా భూమి కిందే. ఆ గుహల పైకప్పు కూలిన చోట గొయ్యి పడి కింద నీళ్ళు కనిపిస్తాయి, అదే సెనోటే, మన దిగుడుబావిని దేవుడే తవ్వినట్టుంటుంది. తులూమ్ అనే ఊరి దగ్గర సాక్ ఆక్తూన్ అనే నీటిగుహ, దోస్ ఓహోస్ అనే ఇంకో గుహ లోపల్లోపల కలుస్తాయని 2018లో డైవర్లు కనిపెట్టారు, కలిపి కొలిస్తే 340 కిలోమీటర్ల పైమాటే. ఇంకో సంగతి, 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట డైనోసార్లని తుడిచిపెట్టిన ఉల్క పడింది ఈ ద్వీపకల్పం అంచునే, చిక్షులూబ్ దగ్గర, ఆ గొయ్యి అంచు వెంబడి సెనోటేలు గొలుసులాగా వరసగా ఉంటాయి. ఆ కథ దారిలో కారులో చెప్పండి, ఫోన్లలో తలలు పెట్టిన పిల్లలు కూడా తలెత్తుతారు. నీళ్ళు చల్లగా, అద్దంలా ఉంటాయి. దిగేముందు షవర్ చేయమంటారు, సన్‌స్క్రీన్ వద్దంటారు, ఎందుకంటే ఆ నీళ్ళే కదా అక్కడివాళ్ళకి ఆధారం. కాబట్టి పొడుగు చేతుల స్విమ్ టీషర్ట్ తీసుకెళ్ళండి, క్రీమ్ గొడవే ఉండదు.

పెద్ద పిరమిడ్ ఉన్న పాత మాయా నగరం చిచెన్ ఇట్సా చూడాలనుంటే కాన్‌కూన్ నుంచి రెండున్నర గంటల దారి. అందరూ టూర్ బస్సుల్లో మిట్టమధ్యాహ్నం అక్కడ దిగుతారు, నీడ లేదు, ఎండ మాడుస్తుంది, గైడ్ చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కదు. వీలైతే ముందురోజు సాయంత్రం వయ్యదోలిద్ అనే చిన్న ఊళ్ళో ఉండిపోండి, చక్కటి పాత ఊరు, ఊరి మధ్యలోనే సెనోటే ఉంది, పొద్దున్నే గేటు తీసేసరికి అక్కడుండొచ్చు. ఒక తిరకాసు ఏంటంటే కాన్‌కూన్ ఉన్న కింతానా రో రాష్ట్రం గడియారం, చిచెన్ ఇట్సా ఉన్న యుకతాన్ రాష్ట్రం గడియారం ఒకటి కాదు, అక్కడ గంట వెనక. వెళ్ళేటప్పుడు గంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు పోతుంది. పెద్ద పిరమిడ్‌కి నాలుగు వైపులా 91 మెట్లు చొప్పున, పైన ఒకటి, మొత్తం 365, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఎక్కనివ్వరు ఇప్పుడు. దాని ముందు నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టండి, ప్రతిధ్వని పక్షి కూతలాగా తిరిగొస్తుంది, అది నిజంగా ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ బొమ్మలమ్మేవాళ్ళలో, మీ రిసార్ట్‌లో గది సర్దేవాళ్ళలో చాలామంది మాయావాళ్ళే. ఆ జాతి ఎప్పుడో అంతరించిపోయిందని అనుకుంటాం గానీ యుకతాన్ మాయా భాష మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ ఏడెనిమిది లక్షల మంది ఉన్నారు.

తిండి దగ్గరకొద్దాం, మనకి అసలు విషయం అదే కదా. రిసార్ట్ బఫే టాకో తిని మెక్సికన్ ఫుడ్ ఇంతేనా అనకండి. డౌన్‌టౌన్‌లో పార్కే దే లాస్ పలాపాస్ అని ఒక పెద్ద పార్కు, సాయంత్రమైతే లోకల్ జనం పిల్లాపాపలతో వస్తారు, బళ్ళ మీద మొక్కజొన్న కండెకి కారం నిమ్మరసం పూసిస్తారు, మామిడి ముక్కల మీద కారం చల్లిస్తారు. ఇంకేం కావాలి! మర్కెసీతా అని కరకరలాడే అట్టులో చీజ్ తురుము, తీపి వేసి చుట్టిస్తారు, వినడానికి తేడాగా ఉంటుంది గానీ తినండి. మాంసం తినేవాళ్ళు కొచినీతా పిబిల్ వదలొద్దు, అచియోతే గింజలు, పుల్లనారింజ రసం పట్టించి అరిటాకులో చుట్టి నెమ్మదిగా ఉడికించిన పంది మాంసం. పక్కన గిన్నెలో అబనేరో అనే మిరపకాయ పచ్చడి పెడతారు, మేం గుంటూరోళ్ళం మాకేంటి అని చెంచాడు వేసుకోకండి బాబూ. కారం కొలిచే స్కోవిల్ లెక్కలో గుంటూరు సన్నం 30, 40 వేలుంటే అబనేరో లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా పోతుంది. అసలు మిరపకాయ మనకొచ్చింది వీళ్ళ దగ్గర్నుంచే, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో. సపోటా పుట్టిల్లూ ఈ ప్రాంతమే. ఇక అగువా దే హమైకా అని ఎర్రగా పుల్లగా ఒక డ్రింక్ ఎక్కడ చూసినా ఉంటుంది, అదేంటనుకున్నారు, మన ఎర్ర గోంగూరేనండీ, తెలంగాణలో పుంటికూర, మనం ఆకు తింటే వాళ్ళు పువ్వు కింద ఎర్ర రేకులు ఎండబెట్టి కాచి చల్లబరిచి తాగుతారు. వెజిటేరియన్లు మాత్రం బీన్స్ చూసి ధైర్యపడొద్దు, చాలా చోట్ల పంది కొవ్వు వేసి వేయిస్తారు, "సిన్ మాంతేకా" అంటే కొవ్వు లేకుండా అని అడగండి, "సిన్ కార్నె" అంటే చికెన్ వేసేసే అవకాశం ఉంది కాబట్టి "సిన్ పోయో" కూడా కలపండి. కుళాయి నీళ్ళు తాగొద్దు, సీసా నీళ్ళే.

డబ్బుల సంగతి గబగబా చెప్పేస్తా. ఎయిర్‌పోర్ట్‌లో కస్టమ్స్ దాటగానే చక్కగా డ్రెస్సులేసుకున్నవాళ్ళు నవ్వుతూ పిలుస్తారు, ఫ్రీ టూర్ ఇస్తాం, రేపు బ్రేక్‌ఫాస్ట్‌కి రండి అని, అది టైమ్‌షేర్ అమ్మకం, అంటే ఏటా కొన్ని రోజులు రిసార్ట్ వాడుకునే హక్కు ముందే అంటగట్టడం, గంటన్నర అంటారు గానీ సగం రోజు మింగేస్తుంది, మొహమాటపడకుండా తలొంచుకుని నడిచి బయటపడండి. టాక్సీ ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి. ఏటీఎమ్ "డాలర్లలో లెక్క కట్టమంటారా" అని అడిగితే వద్దని నొక్కండి, పేసోల్లోనే లెక్క కట్టించుకుంటే బ్యాంకు రేటు పడుతుంది. టిప్పులు మాత్రం పిసినారితనం వద్దు, చేతికి బ్యాండ్ ఉంది కదా అన్నీ అందులోనే అనుకుంటే అక్కడి కుర్రాళ్ళకి మిగిలేది ఏమీ ఉండదు.

తిరిగొచ్చేటప్పుడు ఇసుకలో ఏరిన పగడపు ముక్కలు పిల్లల బ్యాగుల్లో ఉన్నాయేమో చూసి అక్కడే వదిలేయించండి, దొరికితే గొడవ. వనీలా, చాక్లెట్ లాంటివి ఎయిర్‌పోర్ట్‌లో కాకుండా ఊళ్ళో సూపర్ మార్కెట్‌లో కొనుక్కోండి, ధరలో చాలా తేడా ఉంటుంది. తినే వస్తువు ఏది తెచ్చినా అమెరికా కస్టమ్స్ వాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పేయండి, మామిడిపళ్ళు మాత్రం ఎంత బాగున్నా అక్కడే తినేసి రండి. ఉంటానండీ, నమస్తే.