కమానులో ఐన్ కనిపించాలి

అందరికీ నమస్కారం. మనలో చాలామంది ఈమధ్య నాణేలు ఆన్‌లైన్ వేలంలో పెడుతున్నారు. ఫోటోల దగ్గరే ఇబ్బంది పడుతున్నామని చెప్పారు, అందుకే ఈ రోజు ఒక్క నాణెం పట్టుకుని వచ్చాను. నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయి, అంటే హైదరాబాద్ రాజ్యం సొంతంగా వేసుకున్న రూపాయి, 1940ల నాటిది.

చార్మినార్ ఉన్న వైపు తిప్పి చూడండి. మధ్య కమానులో చిన్న ఉర్దూ అక్షరం ఉంది కదా, అది ‘ఐన్’. చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటి అక్షరం. వాళ్ల నాన్నగారు మహబూబ్ అలీఖాన్ వేయించిన చార్మినార్ నాణేల మీద అదే చోట ‘మీమ్’ ఉంటుంది. హైదరాబాద్ నాణేలు తెలిసినవాళ్ల చూపు ముందు ఆ కమానులోకే పోతుంది. మన ఫోటోలో అక్కడ నల్లటి మరక తప్ప ఏమీ లేకపోతే ఇంక వాళ్లు ఆగరు, పక్క నాణెం చూసుకుంటారు.

ఐన్ కనిపించాలంటే ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఫోన్ చాలు. ముందు లెన్స్‌ని మెత్తటి గుడ్డతో తుడవండి. రోజంతా జేబులో, చేతిలో ఉండే ఫోన్ కాబట్టి దాని మీద జిడ్డు ఉండనే ఉంటుంది. ఫోన్‌ని చేత్తో పట్టుకోవద్దు. ఒకే ఎత్తున్న రెండు స్టీలు డబ్బాల మీద ఒక స్కేలు వేసి, దాని మీద ఫోన్ పెట్టి, కింద నాణెం పెట్టండి. మూడు సెకన్ల టైమర్ పెడితే వేలు తగిలి ఫోన్ కదలడం ఉండదు. మరీ దగ్గరికి దించితే ఫోన్ నీడ నాణెం మీద పడుతుంది. జానెడు ఎత్తులో ఉంచి రెండింతలు జూమ్ చేయడం మేలు.

అసలు పనంతా వెలుతురుదే. ఫ్లాష్ వేయకండి. ఎదురుగా పడిన వెలుతురుకి వెండి మొత్తం తెల్లగా మెరిసిపోయి, గీతలూ అక్షరాలూ కలిసిపోతాయి. టేబుల్ లైటుని నాణేనికి పైవైపు, కాస్త ఎడమగా పెట్టి, ఏటవాలుగా పడనివ్వండి. ఫోన్ తెరలో చూస్తూ లైటుని మెల్లగా జరపండి. ఒక చోట అక్షరాల పక్కన సన్నటి నీడ పడి ప్రతి గీతా లేచి నిలబడుతుంది. అక్కడ ఆపండి. ఇదే లైటు కిందివైపు నుంచి వస్తే ఉబ్బెత్తు అక్షరాలు లోపలికి చెక్కినట్టు కనిపిస్తాయి. వెలుతురు పైనుంచి రావడమే మన కళ్లకి అలవాటు, అందుకే అలా మోసపోతాం. గదిలో పసుపు బల్బు వెలుగుతుంటే ఆపేయండి. కిటికీ వెలుతురూ అదీ కలిస్తే వెండి రంగు ఒక పక్క నీలంగా, ఒక పక్క ఇత్తడిలా వస్తుంది.

నాణెం కింద తెల్ల కాగితం పెడితే ఫోన్ ఆ తెలుపుని చూసి మొత్తం ఫోటో వెలుగుని తగ్గించేస్తుంది, వెండి నల్లబడుతుంది. నల్లగుడ్డ మీద పెడితే దీనికి ఎదురు జరుగుతుంది, పైగా గుడ్డ నూగంతా ఫోటోలో తేలుతుంది. నేను బూడిదరంగు చార్టు ముక్క వాడతాను.

ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నేనొక రూపాయి అమ్మాను. ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో అంచు మీది సొట్ట కనబడలేదు. నాకు తెలిసినా రాయలేదు, చిన్నదేలే అనుకున్నాను. కొన్నాయన పార్సిల్ విప్పి, అంచు దగ్గరగా ఫోటో తీసి పంపాడు. కింద ఒక్క మాట కూడా రాయలేదు. డబ్బు వెనక్కి ఇచ్చేశాను గానీ ఆ ఫోటో చూసినప్పటి సిగ్గు ఇప్పటికీ పోలేదు. అప్పటినుంచి సొట్టకి విడిగా ఒక ఫోటో తీస్తాను. ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో 1995లో మొదట అమ్ముడుపోయిన వస్తువు పాడైపోయిన లేజర్ పాయింటర్ అని చెబుతారు, 14.83 డాలర్లకి. పాడైందని తెలిసే కొన్నారు. లోపం చెబితే ఎవరూ కొనరని భయపడకండి.

ఫోటో కోసమని నాణేన్ని చింతపండుతో తోమకండి, దండం పెడతాను. 80 ఏళ్లుగా పట్టిన ఆ నలుపుని కోరి కొనేవాళ్లున్నారు. తోమిన నాణెం మీద పడే సన్నటి గీతలు ఇక ఎప్పటికీ పోవు, విలువా తిరిగి రాదు. ఫోన్‌లో ఫిల్టర్లు వేసి మెరిపించడం కూడా అలాంటిదే.

ఈబేలో ఒక వస్తువుకి 24 ఫోటోలదాకా పెట్టనిస్తారు. నాణేనికి ఆరేడు సరిపోతాయి. బొమ్మ, బొరుసు, అంచు, కమాను దగ్గరగా, సంవత్సరం దగ్గరగా, చిన్న కాటా మీద బరువు, ఏదైనా దెబ్బ ఉంటే అది. పొడవు వైపు కనీసం 500 పిక్సెళ్లు ఉండాలంటారు గానీ 1600 ఉంటేనే కొనేవాళ్లు పెద్దది చేసి చూసుకోగలరు. వాట్సాప్‌లో మామూలుగా పంపుకున్న ఫోటో నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపుకోండి. ఫోటో మీద పేర్లు, బోర్డర్లు వేయకూడదు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేయండి. వెండి దాచుకున్న ఇల్లు ఎక్కడుందో ఫోటోతో పాటు ఎందుకు పంపడం?

ఇంకొకటి, లైటు వెలిగించకముందే నాణెం మీద సంవత్సరం చూడండి. అది హిజ్రీలో, అంటే ముస్లింల క్యాలెండర్ ప్రకారం ఉంటుంది, మన సంవత్సరానికి లెక్క కట్టుకోండి. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. మనలాంటివాళ్లు దాన్ని దేశం దాటించకూడదు. ఇక్కడే ఆ వ్యాపారం చేయాలన్నా లైసెన్సు కావాలి. అలాంటి నాణెం చేతిలో ఉంటే మనకోసం, మన పిల్లలకోసం ఫోటో తీసుకుని దాచుకుందాం.

టేబుల్ లైటు, రెండు డబ్బాలు, స్కేలు ఇక్కడే పెట్టాను. మీ నాణేలు తీసుకుని ఒక్కొక్కరే రండి. కమానులో అక్షరం కనబడేదాకా లైటు జరుపుదాం.