ఎవరి మెట్టు నుంచి వాళ్లు

శ్రోతలకు నమస్కారం.

ఐదో తరగతిలో ముప్పై ఐదు మంది పిల్లలున్నారనుకోండి. అందరి చేతుల్లోనూ ఐదో తరగతి పుస్తకమే ఉంటుంది. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే అసలు సంగతి బయటపడుతుంది. కొందరు గడగడా చదివేస్తారు. కొందరు కూడబలుక్కుంటారు. కొందరు ఒత్తు వచ్చిన ప్రతిచోటా ఆగిపోతారు. ఒకరిద్దరికి అక్షరాలే పూర్తిగా రావు. పాఠం మాత్రం అందరికీ ఒకటే, వేగం కూడా ఒకటే. రానివాళ్లకు అది అందదు, బాగా వచ్చినవాళ్లకు అందులో కొత్తదేమీ ఉండదు. అందుకే ఎవరి స్థాయి నుంచి వాళ్లను ముందుకు నడిపించే పద్ధతులు కావాలని అంటున్నాం. ఇవి డబ్బున్న ప్రైవేటు బళ్లకే సాధ్యమని చాలామంది అనుకుంటారు. ఆ మాట నిజం కాదు. వీటిలో పేరున్న ప్రయోగాలు చాలావరకు ప్రభుత్వ బళ్లలోనూ, పల్లెటూరి బళ్లలోనూ పుట్టినవే.

1919లో అమెరికాలో షికాగో దగ్గరున్న విన్నెట్కా ఊరి ప్రభుత్వ పాఠశాలలకు కార్లెటన్ వాష్‌బర్న్ సూపరింటెండెంటుగా వచ్చారు. చదవడం, రాయడం, లెక్కల వంటి ప్రాథమిక విషయాలను పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునేలా, తమ జవాబులు తామే సరిచూసుకునే వర్క్‌బుక్కులు తయారు చేయించారు. మిగతా సగం పొద్దు బొమ్మలు, నాటకం, చర్చ లాంటి వాటికి అందరినీ ఒకచోట కూర్చోబెట్టేవారు. 1970లలో కొలంబియా పల్లె బళ్లలో ఎస్కుయేలా నువేవా (కొత్త బడి) మొదలైంది. ఒకే టీచరు, ఒకే గదిలో నాలుగైదు తరగతులు ఉన్న బళ్ల కోసం పుట్టిన పద్ధతి అది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పల్లె బళ్లలో ఇదే చిక్కుకు అభ్యసన నిచ్చెన, చిన్న చిన్న పనులు రాసిన కార్డుల పెట్టెతో దారి వెతికారు. ఏ కార్డు తర్వాత ఏ కార్డో గోడ మీది నిచ్చెన చూసి పిల్లలే తెలుసుకుంటారు, వెళ్లి తీసుకుంటారు.

వీటిని చూడటానికి వచ్చినవాళ్ల కళ్లు ముందు కార్డుల మీదే పడతాయి. మా దృష్టిలో అసలు బలం కార్డుల్లో లేదు. పిల్లల స్థాయి టీచరుకు కచ్చితంగా తెలియడంలోనూ, ఆ పనికి టైంటేబుల్లో ఎవరూ ముట్టుకోని సమయం ఉండటంలోనూ ఉంది.

ముందు స్థాయి సంగతి చూద్దాం. రాత పరీక్ష పెడితే స్థాయి తెలియదు. చదవడమే రాని పిల్లకు ప్రశ్న కూడా అర్థం కాదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని నోటితో చదివించాలి. ఒక కాగితం మీద నాలుగు మెట్లు చాలు. కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు వాక్యాల పేరా, ఎనిమిది పది వాక్యాల చిన్న కథ. పేరాతో మొదలుపెట్టండి. చదివితే కథ ఇవ్వండి, తడబడితే మాటలకు రండి, అవీ రాకపోతే అక్షరాలకు రండి. పేరా మాత్రం పాఠ్యపుస్తకంలోది కాకూడదు. పాఠాలు కంఠతా వచ్చిన పిల్లలు పుస్తకం తిరగేసి పట్టుకుని కూడా చదివేస్తారు, టీచరు సులువుగా మోసపోతుంది.

ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుంది. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి డెబ్బై మంది ఉంటే మూడు వందల యాభై నిమిషాలు, అంటే దాదాపు ఆరు గంటలు. ఇద్దరు టీచర్లు రోజుకో గంట చొప్పున కూర్చుంటే మూడు రోజుల్లో పూర్తవుతుంది. ఆ మూడు రోజులు వృథా అని అనేవాళ్లుంటారు. ఏడాదంతా ఎవరికీ అందని పాఠం చెప్పడం కంటే పెద్ద వృథా ఏముంటుంది?

లెక్కల్లో జవాబు తప్పా ఒప్పా అని చూస్తే సరిపోదు, ఎలాంటి తప్పో చూడాలి. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేయమంటే చాలామంది పిల్లలు ముప్పై ఐదు అని రాస్తారు. అది పరధ్యానం వల్ల వచ్చిన తప్పు కాదు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేశారు, ఐదు వచ్చింది. ఐదులోంచి రెండు తీస్తే మూడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయాలనే నియమం వాళ్లు సొంతంగా కట్టుకున్నారు. ఈ పిల్లలకు ఇంకో యాభై తీసివేతలు ఇస్తే యాభై తప్పులు వస్తాయి, ఆ అలవాటు గట్టిపడుతుంది. కావలసింది పుల్లల కట్టలు. పది పుల్లల కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ఇవ్వాలి. ఏడు తీయమంటే చాలవు, కట్ట విప్పక తప్పదు. అలా విప్పుతూ రెండు మూడు రోజులు చేస్తే, కాగితం మీద పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఎందుకో పిల్లకు తెలుస్తుంది. పక్కన కూర్చున్న ఇంకో పిల్లకు అప్పు సంగతి బాగానే తెలుసు, ఎక్కాలే రావు. ఇద్దరికీ వచ్చిన మార్కు ఒకటే కావచ్చు. చెప్పాల్సిన పాఠం మాత్రం ఒకటి కాదు.

ఇక సమయం. దీని గురించి మన దేశంలోనే గట్టి ఆధారం ఉంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ తరగతిని పక్కనపెట్టి, స్థాయిని బట్టి పిల్లలను గుంపులు చేసి చెప్పే పద్ధతిని రూపొందించింది. బీహార్‌లో ప్రభుత్వ టీచర్లకు సామగ్రి మాత్రమే ఇచ్చిన చోట, దానితో శిక్షణ కూడా ఇచ్చిన చోట, చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. టీచర్లకు పద్ధతి అర్థమైంది, నచ్చింది కూడా. కానీ మామూలు తరగతి, మామూలు సిలబస్ అలాగే నడుస్తుంటే దాన్ని ఎప్పుడు అమలు చేయాలి? హర్యానాలో అన్ని బళ్లకూ 2011-12 నుంచి రోజుకు ఒక గంట కలిపారు. 2012-13లో కొన్ని బళ్లు ఆ గంటను ఈ పద్ధతిలో చదవడం నేర్పడానికే కేటాయించాయి. ఆ గంటలో సిలబస్ లేదు, తరగతులు లేవు, స్థాయి గుంపులే. పర్యవేక్షించే అధికారులకూ ఆ గంట గురించి అడగడం నేర్పారు. అక్కడ పిల్లల చదవడం మెరుగైంది. లెక్కలు ఆ గంటలో లేవు, వాటిలో మెరుగు కనబడలేదు. చదవడం మీద పెట్టిన గంట లెక్కలను దానంతటదే బాగుచేయదని కూడా దీన్నిబట్టి గుర్తుంచుకోవాలి.

ఆ గంట ఎలా గడవాలి? మొదటి పది నిమిషాలు గుంపంతా కలిసి కథ వినడం, దాని గురించి మాట్లాడుకోవడం. తర్వాత పావుగంట టీచరు చదువుతుంటే వేలు పెట్టి అనుసరించడం, ఆపైన ఒక్కొక్కరూ చదవడం. ఇంకో ఇరవై నిమిషాలు నలుగురైదుగురు కలిసి మాటలు కూర్చడం, చదివినది రాయడం. మిగిలిన పావుగంట ఎవరి పని వాళ్లది. అప్పుడు టీచరు వెనకబడిన ఇద్దరు ముగ్గురి పక్కన కూర్చోవాలి. బల్ల దగ్గర కూర్చుని రిజిస్టరు నింపుకునే సమయం కాదది.

కార్డుల పద్ధతి పెట్టుకున్న బళ్లలో ఎక్కువగా చెడేది దిద్దుబాటు దగ్గర. ముప్పై మంది, కార్డుకు రెండు నిమిషాలు అనుకుంటే గంట మొత్తం దిద్దడానికే పోతుంది. పిల్లలు వరుసలో నిలబడి ఎదురుచూస్తారు. జవాబు ఆ కార్డుకే వెనకవైపు ఉండాలి, పిల్లలే చూసుకోవాలి. నాలుగైదు కార్డులకు ఒకటి టీచరు చూసే మెట్టుగా పెట్టాలి. పిల్ల చేతి నుంచి జారిపోయే మెట్లేవో అక్కడ తేలతాయి. ప్రతి కార్డుకూ రెండు ప్రతులైనా ఉండాలి, ఒకటి పోతే నిచ్చెన అక్కడే తెగిపోతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం గుంపులు గడ్డకట్టడం. జూన్‌లో కింది గుంపులో వేసిన పిల్ల మార్చిలోనూ అక్కడే ఉంటే, అది స్థాయిని బట్టి బోధన కాదు, మొద్దులని ముద్రవేసి మూల కూర్చోబెట్టడమే. మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ నోటితో చదివించాలి, మెట్టెక్కినవాళ్లను వెంటనే పై గుంపులోకి పంపాలి. గుంపులకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టొద్దు. కింది గుంపును అనుభవం లేని వలంటీరుకు అప్పగించడం చాలా బళ్లలో రివాజు. అది తలకిందులు వ్యవహారం. అక్షరాలు రాని పదేళ్ల పిల్లకు చదవడం నేర్పడం బడిలో అన్నిటికంటే కష్టమైన పని, అది అందరికంటే బాగా చెప్పే టీచరు చేయాలి. మిగతా పొద్దంతా పిల్లలు తమ తరగతిలో తమ ఈడువాళ్లతోనే ఉండాలి.

వైకల్యం ఉన్న పిల్లలకు వ్యక్తిగత ప్రణాళిక రాసే పద్ధతి వేరుగా ఉంది. అమెరికాలో 1975లో వచ్చిన చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. ఇప్పటి స్థాయి, ఏడాది లక్ష్యాలు, అందే సేవలు అందులో రాయాలి, తల్లిదండ్రులు కూర్చోవాలి, ఏడాదికోసారైనా తిరిగి చూడాలి. మంచి ఏర్పాటే, కానీ రాత దగ్గర నీరుగారుతుంది. "చదవడం మెరుగుపడాలి" అని రాస్తే ఎవరూ దేనికీ జవాబుదారీ కారు. "ఇప్పుడు నిమిషానికి ఇరవై మాటలు చదువుతోంది. ఏడాది చివరికి ఇదివరకు చూడని పేరాను నిమిషానికి నలభై ఐదు మాటల వేగంతో చదవాలి. వారానికి నాలుగు రోజులు, రోజూ అరగంట, ఫలానా టీచరు చెబుతారు" అని రాస్తే మూడు నెలలకే తేడా తెలుస్తుంది. తల్లిదండ్రులు సంతకం పెట్టే ముందు ఇందులో అంకె ఎక్కడుంది, ఎన్ని రోజులు, ఎవరు అని అడగాలి.

చదువు మానేసిన పెద్ద పిల్లల కోసం నడిపే ప్రత్యామ్నాయ బళ్ల గురించి ఒక మాట. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేకపోవడం, పనికి పోయేవాళ్లకు సాయంత్రం తరగతులు, ఏడాదిలో ఎప్పుడైనా చేరే వీలు, ఇవి ఉంటే చాలామంది తిరిగి వస్తారు. అయితే ఫలితాల శాతం కోసం మామూలు బడి తనకు తలనొప్పి అనిపించిన పిల్లలను అక్కడికి తోసేసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పిల్లల ఇష్టం, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం లేకుండా బదిలీ జరగకూడదు. కావాలంటే పాత బడికి తిరిగివచ్చే దారి కూడా నిబంధనల్లోనే ఉండాలి.

వీటికి అండగా నిలవాలంటే మీరు చందాలు పోగు చేయనక్కర్లేదు. బడి కమిటీ సమావేశానికి వెళ్లండి. స్థాయి గంట టైంటేబుల్లో ఎక్కడుందో చూపించమనండి. పరీక్షలు దగ్గరపడిన నెలలో ఆ గంట ఎన్ని రోజులు జరిగిందో అడగండి, సిలబస్ పూర్తిచేయడానికి ముందుగా కోతపడేది అదే. కింది గుంపుకు ఎవరు చెబుతున్నారో అడగండి. ఆ తర్వాత పోయిన నెలలో ఎంతమంది పిల్లలు గుంపు మారారో రిజిస్టరు తీయించి పేర్లతో సహా చూడండి. ఒక్కరూ మారలేదని తేలితే, వచ్చే నెల మొదటి వారంలోనే పిల్లలందరినీ మళ్లీ చదివించి చూడాలని ఆ సమావేశంలోనే తీర్మానం రాయించండి.

నమస్కారం.